వెనక డోరు లేని బండే బండి

బండికి వెనక డోరు ఉండటం నాగరికత కాదు, పొగరు! ఎక్కబోయే మనిషి మొహం మీదే ధడేల్‌మని పడే ఆ రేకుముక్కను కంపెనీలు ఎందుకు బిగిస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా గోదావరిఖని వ్యాన్ల స్టాండు వాళ్లు మాత్రం ఆ తప్పును ఎప్పుడో దిద్దేశారు. షోరూమ్ నుంచి బండి రాగానే మెకానిక్ యోనా షెడ్డుకు తోలుతారు. అతను నాలుగు బోల్టులు విప్పి డోరు ఊడదీస్తాడు. పది నిమిషాల పని!

లాభాలు చూడండి. ఏడుగురు పట్టే బండిలో పదిహేను మంది పడతారు. ఫస్టు షిఫ్టుకు వేలాడుతూ పోయి, వేలాడుతూ తిరిగొచ్చే మనిషికి జిమ్ము దేనికి? వెనకే బొగ్గు టిప్పరు తరుముకొస్తుంటే దాని డ్రైవరు మేలుకుని ఉన్నాడో, కునుకు తీస్తున్నాడో మనమే స్వయంగా చూసుకోవచ్చు. డోరుంటే ఈ సౌకర్యం దొరుకుతుందా? ఇక దుమ్ము సంగతంటారా, పౌడరు రాసుకుని ఎక్కినవాళ్లకు దిగేసరికి కాటుక కూడా అయిపోతుంది. అదీ మొహం నిండా!

మరి ఫిట్‌నెస్ పరీక్ష ఎట్లా అని మీ అనుమానం. పద్నాలుగు బండ్లకూ కలిపి యోనా షెడ్డులో ఒక్క డోరు దాచి ఉంచారు. గిడియోన్ అనే డ్రైవరు బండిది. పచ్చరంగు మీద ఎర్రటి అక్షరాలతో ‘డెబోరా’ అని అతని కూతురి పేరు రాసి ఉంటుంది. ఏ బండికి పరీక్ష ఉంటే ఆ రోజు దానికి బిగిస్తారు, సాయంత్రానికి విప్పేస్తారు.

ఒకసారి పరీక్ష చేసే సారు మా డ్రైవరు కిషన్‌ను అడిగాడట, “డెబోరా ఎవరయ్యా?” అని.

“నా బిడ్డ సార్.”

“నిన్న ఇంకో డ్రైవరు కూడా తన బిడ్డ అనే చెప్పాడే!”

“మా స్టాండుల పెరిగిన పిల్ల సార్. అందరికి బిడ్డనే.”

సారు మనసు కరిగి సంతకం పెట్టేశాడు. ఆ డోరు ఇప్పటికి పద్నాలుగుసార్లు ఫిట్ అని తేలింది. బండ్ల సంగతి నన్నడక్కండి.

పోయిన నెల మాత్రం ఒక ఇబ్బంది వచ్చిపడింది. గని దగ్గర కాంట్రాక్టు కింద ఊడ్చే పని చేసే సారవ్వ, కిషన్ బండి వెనక అంచున కూర్చుని డ్యూటీకి పోతూ స్పీడు బ్రేకరు దగ్గర రోడ్డు మీద పడింది. తుంటి విరిగింది. అప్పుడు నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆ బండి కాంట్రాక్టరే మాట్లాడి పెట్టింది. తప్పు బండిదని తేలితే కోలుకున్నాక ఆమె డ్యూటీ ఆమెకు ఇవ్వాలి. తప్పు ఆమెదైతే ఇక ఇంట్లో కూర్చోవాల్సిందే.

కాంట్రాక్టరు మనిషి విచారణకు వస్తున్నాడని తెలియగానే యోనా డోరు బిగించేశాడు. వచ్చినాయన దాన్ని మూశాడు, తెరిచాడు, మళ్లీ మూశాడు. గొళ్లెం బ్రహ్మాండంగా పడింది. అప్పుడు నావైపు తిరిగి, “బండికి డోరు ఉందా?” అన్నాడు.

ఎదురుగా కనిపిస్తోంది కదా! “ఉంది సార్” అన్నాను. రేపు మళ్లీ ఎక్కాల్సింది కిషన్ బండే మరి. సాక్షి సంతకం కూడా పెట్టాను. ‘నడుస్తున్న బండిలో సారవ్వే డోరు తెరుచుకుని కింద పడింది’ అని రిపోర్టు రాసుకుపోయాడు.

నిన్న సారవ్వను పలకరించడానికి దవాఖానకు వెళ్లాను. ఇక డ్యూటీకి రావద్దని అప్పటికే ఆమెకు కబురు అందింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

“అన్నా, నువ్వు నా పక్కకే కూసున్నవ్ గద. ఆ డోరు గుంజితె తెరుసుకుంటదా, నూకితె తెరుసుకుంటదా? జర చెప్పు. నేను దాన్ని ఎట్ల తెరిచిన్నో మా ఇంటోళ్లు అడుగుతున్నరు.”

ఆరేళ్లుగా ఆ బండి ఎక్కుతున్నాను. ఆ డోరు ఎట్లా తెరుచుకుంటుందో నాకూ తెలియదు.