గొంతుకు రెండు మార్కులు

ప్రదర్శనలో మనిషి గొంతు వినిపిస్తే న్యాయనిర్ణేతలు రెండు మార్కులు ఎక్కువ వేస్తారని ఆ వేసవిలో డ్రమ్ కోర్ లోకమంతా నమ్మింది. ఇత్తడి బూరలు, డోళ్ళు, జెండాలతో నూటయాభై మంది యువతీయువకులు ఫుట్‌బాల్ మైదానం మీద నడుస్తూ వాయించే ఈ పోటీల్లో, ఒకప్పుడు మైకులో మాట వినిపిస్తే శిక్ష పడేది. ఇప్పుడు కవిత చదవని బృందం, కనీసం నిట్టూర్పు విడవని బృందం లేదు. కొంగల పేరు పెట్టుకున్న మిన్నెసోటా వారి ప్రెయిరీ హెరాన్స్ ఒక్కటే మినహాయింపు. వాళ్ళు పదమూడో స్థానంలో ఉన్నారు. శనివారం తుదిపోటీకి వెళ్ళేవి పన్నెండు బృందాలు.

హెరాన్స్ మైకులూ స్పీకర్లూ చూసుకునే లొవెల్ హేగడార్న్ ఈ వదంతిని నమ్మలేదు. ముప్పైనాలుగేళ్ళు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకోవలసిన వయసులో బస్సులెక్కిన మనిషి ఆయన. నలభై ఒక్క పోటీల మార్కుల పత్రాలు సరిచూసి, గొంతు ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ తేడా ఏమీ లేదని పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం చూపించమని ఎవరూ అడగలేదు. సెమీఫైనల్ రోజున ఆయన పెట్టుకున్న ప్రణాళిక చాలా చిన్నది: ఎనిమిది గంటల బస్సు ప్రయాణం తర్వాత, ఇండియానాపోలిస్ శివారులోని ఒక బడి జిమ్ నేల మీద పొద్దున పదింటి దాకా పడుకోవడం.

ఏడింటికి భార్య ఆర్డిస్ తట్టి లేపింది. బృందానికి వండిపెట్టే లారీ ఆవిడ ఏలుబడిలో ఉంది.

"ఏమండీ, మీ పసుపు వైరు ఓ అరగంట ఇస్తారా? కాఫీ డ్రమ్ముది కాలిపోయింది."

"అది పెద్ద స్పీకర్లది. మధ్యాహ్నానికల్లా తిరిగి రావాలి."

"మీ సామాను నేనెప్పుడైనా ఉంచేసుకున్నానా?"

ఉంచేసుకుంది, చాలాసార్లు. జాబితా చదివే ఓపిక లేక ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఇరవై నిమిషాలకు ప్రదర్శన రూపకర్త బ్రాంట్ వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, నిద్రపోవడం తెలియదు, పోనివ్వడమూ తెలియదు.

"మాస్టారూ, లేవండి! మన షోలో గొంతు పెడుతున్నాం."

"సాయంత్రం నాలుగింటికి పోటీ, బ్రాంట్."

"అందుకే పొద్దున్నే లేపాను. ఒకే ఒక్క వాక్యం. మూడో పాట సగంలో అందరూ ఆగుతారు కదా, అక్కడ. 'నీటిలో నిలిచినవాడే నదిని వింటాడు.'"

"అంటే ఏమిటి?"

"అర్థాలడిగేవాళ్ళు మార్కులెయ్యరు మాస్టారూ."

లొవెల్ దిండు కింది నుంచి పుస్తకం తీయబోయాడు. ఈలోగా డ్రమ్ మేజర్ కొరిన్ వచ్చి పక్కన కూర్చుంది. మైదానం ముందున్న మెట్టెక్కి చేతులతో అందరినీ నడిపించే పిల్ల.

"ఇది నాకు ఐదో వేసవి మాస్టారూ. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది, రానివ్వరు. ఒక్క శనివారమైనా ఆడి పోవాలని ఉంది. ఆ వాక్యంతో పనవుతుందేమో చూద్దాం. కాకపోతే పోయేదేముంది?"

శాస్త్రంలో దీనికి సమాధానం ఉంది. కానీ కొరిన్ ముఖం చూస్తూ చెప్పగలిగినది కాదు.

వాక్యం ముందు ఒక జెండా పిల్ల చేతికి వెళ్ళింది. పన్నెండు వారాలుగా అడుగుల లెక్కకు అంకెలు అరిచిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత బస్సు డ్రైవర్ డెల్బర్ట్‌ను పిలిచారు. గంభీరమైన గొంతే, కానీ అతను "నదిని వింటాడు" అంటుంటే, నది దగ్గర దిగేవాళ్ళు సామాన్లు సర్దుకోవాలన్నట్టుంది. ఆఖరికి అందరూ లొవెల్ వైపు తిరిగారు.

"ముప్పైనాలుగేళ్ళు చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు మాస్టారూ," అన్నాడు బ్రాంట్.

"చివరి బెంచీ ఏనాడూ వినలేదు," అన్నాడు లొవెల్. అయినా మైకు ఆయన చెంపకు తగిలించారు.

అంతటితో పోలేదు. వెనక వరసలకు వాక్యం వినబడక, మళ్ళీ ఎప్పుడు మొదలెట్టాలో తెలియలేదు. దానికీ బ్రాంట్ ఉపాయం చెప్పాడు: సాధనలో వాడే బ్యాటరీ స్పీకరును పిల్లల వైపు తిప్పి పెడితే సరి. దాని వీపు జనం వైపు ఉంటుంది గనక పైన కూర్చున్నవాళ్ళకు వినిపించదు.

ఆ స్పీకరుది మరో చరిత్ర. పన్నెండు వారాలుగా అందులోంచి "రీసెట్" అన్న మాట రావడమే తడవు, పిల్లలు కిక్కురుమనకుండా పాట మొదలైన చోటికి పరుగెత్తి, బూరలెత్తి నిలబడేవారు. ఎందుకని అడిగే ఆచారం లేదు. ఒకసారి భోజనాల వరసలో ఎవరో పరీక్షకని ఆ మాటంటే, అరవై మంది కంచాలతో సహా మైదానంలోకి పరుగు తీశారు.

నాలుగింటికి స్టేడియంలో ప్రదర్శన మొదలైంది. అరనిమిషంలోనే చెక్క పలకల వాద్యం మరింబా నాదం పలచగా రావడం విని లొవెల్ తల తిప్పాడు. జనం వైపున్న రెండు పెద్ద స్పీకర్ల దీపాలూ వెలగడం లేదు. గొంతు గొడవలో పడి తిరిగి తెచ్చుకోవడం మరిచిన పసుపు వైరు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఆయన కళ్ళు మూసుకుని కాఫీని తలచుకున్నాడు.

మూడో పాట సగంలో అందరూ ఆగారు. ఒప్పుకున్న పాపానికి లొవెల్ వాక్యం చదివాడు. చిన్న స్పీకరు దాన్ని పిల్లలకు వినిపించింది.

బ్రాంట్ వంగి ఆయన చెవిలో అన్నాడు: "మాస్టారూ, జనంలోకి ఏమీ పోవట్లేదు!"

"తెలుసు నాయనా. ఇదే సాధనయితే రీసెట్ అనేవాణ్ణి."

మైకు ఇంకా ఆయన చెంపనే ఉంది.

నూటయాభై జతల కాళ్ళు ఆలోచించలేదు. మైదానం నలుమూలల నుంచి పిల్లలు చప్పుడు లేకుండా వెనక్కి పరుగెత్తి, పాట మొదలైన గీతల మీద నిలబడి బూరలెత్తారు. మెట్టు మీద కొరిన్ ఒక్క క్షణం లొవెల్ వైపు చూసింది. ఆ చూపులో ఐదు వేసవులూ ఉన్నాయి. ఆయన తల దించుకున్నాడు. ఆమె చేతులెత్తి, పాటను మొదటి నుంచి నడిపించింది. రెండోసారి వాళ్ళెప్పుడూ మొదటిసారి కంటే బాగా వాయిస్తారు. పన్నెండు నిమిషాల హద్దుకు నాలుగు సెకన్లు ఉండగా ముగిసింది. జనం లేచి నిలబడ్డారు.

తప్పు తనదేనని చెప్పుకోవడానికి మాటలు పేర్చుకుంటూ లొవెల్ ఒక పెట్టె మీద కూర్చున్నాడు. ఫలితాలు వచ్చాయి: మార్కులో ఇరవయ్యో వంతు తేడాతో హెరాన్స్‌కు పన్నెండో స్థానం. కొరిన్ ఏడుస్తూ వచ్చి ఆయన మెడ చుట్టుకుంది.

"చూశారా మాస్టారూ? గొంతు!" అన్నాడు బ్రాంట్. అప్పటికే రెండు బృందాలవాళ్ళు ఆ వాక్యం రాసివ్వమని అతని వెంట పడుతున్నారు.

న్యాయనిర్ణేతలు చూస్తూ చెప్పే వ్యాఖ్యల రికార్డు ప్రతి బృందానికీ ఇస్తారు. లొవెల్ దాన్ని బ్రాంట్‌కు వినిపించాడు. అందులో అలసిపోయిన ఒక గొంతు అంది: "ఆగారు... కొంగల్లా లేచి, ఎక్కడివాళ్ళక్కడ వాలారు. ఇన్ని బృందాల్లో నోరు విప్పకుండా ఆడింది వీళ్ళొక్కరే. దేవుడి దయ."

"వెటకారం మాస్టారూ అది," అన్నాడు బ్రాంట్.

లొవెల్ వంట లారీ దగ్గరికి నడిచి, ఒక కప్పు పట్టాడు. కాఫీ వేడిగా ఉంది. పసుపు వైరు పొద్దున ఏడింటి నుంచీ ఆ డ్రమ్ముకే తగిలించి ఉంది.