ఒంటి గ్లౌజుల ముఠా

"ఒరేయ్ సోద్నోమ్, గుర్తుపెట్టుకో. సప్పొరో నగరంలో నేరం ఎక్కడ తలదాచుకున్నా ఈ గంజోరిగ్ కంటి నుంచి మాత్రం తప్పించుకోలేదు."

ఈ ప్రకటన మా హాస్టల్ వంటగదిలో, ఉప్పు టీ కలుపుతూ చేశాడు. గంజోరిగ్ నా గదిలోనే ఉంటాడు, నాలాగే మంగోలియా నుంచి జపాన్‌కి చదువుకోడానికొచ్చిన ఉలాన్‌బాతర్ వాడు, నాకు ఒక ఏడాది సీనియర్. చదివేది పశువైద్యం, చేసేది అపరాధ పరిశోధన. పెద్ద డిటెక్టివులు పైపు పీలుస్తారట. మా హాస్టల్లో పొగ తాగనివ్వరు కాబట్టి ఇతను వాళ్లమ్మ పంపిన ఎండు పెరుగు ముక్క బుగ్గన పెట్టుకుని ఆలోచిస్తాడు. నెత్తిన ఎప్పుడూ వాళ్ల తాత నక్కతోలు టోపీ ఉంటుంది. ఇంతవరకూ అతను తేల్చిన కేసు ఒక్కటే. ఫ్రిజ్‌లో మాయమైన గుడ్లు తిన్నది తనేనని కనిపెట్టాడు.

ఈసారి పోయింది మాత్రం నా సొత్తు. ఇనుకాయ్ మాస్టారి గణాంకశాస్త్రం పరీక్షకి ఒకే ఒక్క కాగితం తీసుకెళ్లనిస్తారు. రెండు వైపులా రాసుకోవచ్చు, కానీ సొంత చేతిరాతే ఉండాలి, జిరాక్సు పనికిరాదు. రెండు వారాలు కూర్చుని, చీమ తలకాయలంత అక్షరాలతో సెమిస్టరంతా దాన్లో కుక్కాను. శుక్రవారం సాయంత్రం బస్‌స్టాపులో మంచుగాలి మధ్య సంచి తెరిచి పాస్ వెతుక్కున్నాను. గదికొచ్చి చూస్తే కాగితం లేదు. పరీక్ష సోమవారం పదిన్నరకి. అది తప్పితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, స్కాలర్‌షిప్ ఆగితే ఇంటికి విమానం ఎక్కడమే. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

వెతకడానికి బయల్దేరబోతే గంజోరిగ్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. నేరం జరిగిన చోట బాధితుడి అడుగులు పడకూడదట, తెల్లారగానే తనే వెళ్లి చూస్తాడట. అన్నట్టే శనివారం తెల్లవారుజామునే వెళ్లి, బుగ్గలు ఎర్రగా కందిపోయి తిరిగొచ్చాడు. చేతిలో చెత్తబుట్టంత గోనెసంచి ఉంది.

"ఇది ఒక్క కాగితం కేసు కాదురా. ఊరంతా పాకిన ముఠా."

సంచి బోర్లించాడు. విడివిడి గ్లౌజులు మూడు, పసిపిల్లల ఊలు మేజోడు ఒకటి, గంట కట్టిన తాళంచెవి, సగం పళ్లసెట్టు, ఇంకా ఏవేవో, మొత్తం పదకొండు. ఒక్కోదాన్నీ ఒక్కో ప్లాస్టిక్ సంచిలో వేసి అంకె రాశాడు. ఎవరైనా పారేసుకుంటే నేల మీద ఉండాలిగా, ఇవేమో స్తంభాల మీదా, కంచెల మీదా, సరిగ్గా కంటి ఎత్తులో, మంచు దులిపి మరీ పెట్టి ఉన్నాయన్నాడు. ఎవరో ఎవరికో సంకేతాలు పంపుకుంటున్నారని తేల్చేశాడు.

"గ్లౌజుతో ఏం సంకేతం అన్నా?"

"కుడిచేతిదైతే కుడివైపు తిరగమని. ఇంత చిన్న విషయం తట్టదేంరా నీకు?"

నాకు నిజంగానే తట్టలేదు. ఈ ఊళ్లో నాకిది మొదటి చలికాలం. అతనికీ అంతే, నిరుడు దక్షిణాన గ్లౌజులు అక్కర్లేని ఊళ్లో భాష నేర్చుకుంటూ గడిపాడు. వాటిలో ఎనిమిదో నంబరు, బస్‌స్టాపు కంచెకి రెండు ముళ్లు వేసి కట్టిన తెల్ల సంచి. విప్పి చూద్దామన్నాను. వేలిముద్రలు చెరిగిపోతాయని నా చేతి మీద ఒకటి వేసి, అన్నిటినీ నా మంచం కిందకే తోశాడు.

ఆ తర్వాత నేనూ వెళ్లి బస్‌స్టాపు చుట్టూ మోకాళ్ల లోతు మంచు తవ్వాను. వీధి మూల పోలీసు గదిలోనూ అడిగాను. ఎక్కడా లేదు. పోనీ కొత్తగా రాసుకుందామంటే గంజోరిగ్ వదిలితేనా. అనుమానితుణ్ని పట్టేశాడట, వెంట సాక్షి కావాలట. ఆ అనుమానితుడు మా క్లాసులో ముందు బెంచీ నిషివాకి. ఎప్పుడూ నూటికి తొంభై తెచ్చుకునే ఆ పిల్లాడు ఆదివారం ఒక చేతికే గ్లౌజు వేసుకుని, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని కనిపించాడు.

"ఒంటి గ్లౌజు. ముఠా నాయకుడి చిహ్నం" అన్నాడు గంజోరిగ్, పెరుగు ముక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మారుస్తూ.

రెండు గంటలు వెంటపడ్డాం. నిషివాకి దారి పొడుగునా కంచెలవంకే చూసుకుంటూ నడిచాడు. సంకేతాలు చదువుకుంటున్నాడని గంజోరిగ్ పొంగిపోయాడు. నేను మాత్రం లోపల్లోపల విమానం టిక్కెట్టు ఊహించుకుంటూ నడిచాను.

సోమవారం తొమ్మిదిన్నరకి గోనెసంచి భుజాన వేసుకుని పోలీసు గదికి వెళ్లాం. అక్కడ కోగురె గారని, తలపండిన పోలీసు. గంజోరిగ్ పావుగంట ఉపన్యాసం ఓపిగ్గా విని, సామానంతా బల్లమీద పరిచి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"దారిలో దొరికిన వస్తువు కనిపించేలా ఎత్తున పెడతారు బాబూ. పోగొట్టుకున్నవాళ్లు అదే దారిన వెతుక్కుంటూ వస్తారు కదా. మీరు రెండు వీధులు ఊడ్చేశారు. ఈ పళ్లసెట్టు తాతగారు మూడు రోజులుగా గంజి తాగుతున్నారు."

గంజోరిగ్ బుగ్గలో ముక్క చటుక్కున విరిగింది. కోగురె గారు ఎనిమిదో నంబరు సంచి ముళ్లు విప్పారు. లోపల నా కాగితం. దానికో చీటీ గుచ్చి ఉంది, "తడుస్తుందని సంచిలో పెట్టాను. పరీక్ష బాగా రాయండి" అని. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి మంచు తోస్తూ ఇది రాసిపెట్టి ఉంటారనుకుంటూ చీటీ రెండుసార్లు చదువుకున్నాను. రెండు రోజులూ అది నా మంచం కిందే ఉందని గుర్తొచ్చి గంజోరిగ్ పీక పిసకాలనిపించింది.

చెయ్యి చాపాను. కోగురె గారు మెల్లగా కాగితం వెనక్కి లాక్కున్నారు.

"మీదేనని రుజువు కావాలండి. పేరు లేదు."

అప్పటికి పది దాటింది. ఇంకేం చేస్తాను, మొదటి వరస నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఆయన ప్రతి అక్షరం మీదా వేలు పెట్టుకుంటూ వచ్చారు. ఒక వైపు అయింది, తిప్పి రెండో వైపూ అయింది. ఒక్కచోట మాత్రం వేలు ఆగింది. "ఇక్కడ మైనస్ అండి" అన్నారు. సరిదిద్దుకున్నాను. రసీదు మీద సంతకం పెట్టించుకున్నారు.

"పరిగెత్తరా" అంటూ గంజోరిగ్ బల్లమీది ప్లాస్టిక్ సంచి తీసి నా కోటు జేబులో కుక్కాడు. వెనకే రోడ్డు మలుపు దాకా వచ్చి, ఊపిరాడక ఆగిపోయాడు.

హాల్లో కూర్చుని సంచి విప్పాను. లోపల పసిపిల్లల ఊలు మేజోడు ఉంది, ఎర్ర బొడిపెతో. జేబులన్నీ తడిమాను, కాగితం లేదు. ఇనుకాయ్ మాస్టారు పక్కకొచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"రాత ఏమీ లేదు. ఉంచుకో."

ప్రశ్నపత్రం తిప్పాను. మొదటి ప్రశ్న చదవగానే నా కాగితం మీద కదిలిన కోగురె గారి వేలు కళ్లముందు కనిపించింది. రెండోదానికీ కనిపించింది. ఎంత తోసినా పోదే. మూడో ప్రశ్నకొచ్చేసరికి "ఇక్కడ మైనస్ అండి" అని చెవిలో ఎవరో మర్యాదగా చెప్పారు. ఎనభై రెండు వచ్చాయి.

సాయంత్రం పోలీసు గదికి వెళ్లి మేజోడు ఇచ్చి కాగితం తెచ్చుకున్నాను. నా కాగితం కాక మిగతా పది వస్తువులకీ పది ఫారాలు జపనీసులో నింపుతూ గంజోరిగ్ చీకటిపడేదాకా అక్కడే కూర్చున్నాడు. నిషివాకి వచ్చి గ్లౌజు తీసుకుని నడుము వంచి మూడుసార్లు దండం పెట్టాడట. ముఠా నాయకుడు లొంగిపోయాడని ఆ రాత్రి గంజోరిగ్ హాస్టలంతా చాటాడు. నాకు మేజోడు ఇవ్వడం కూడా పథకం ప్రకారమేనట, సూత్రాలు నా బుర్రలో ఉన్నాయని తనకి ముందే తెలుసట.

నా స్కాలర్‌షిప్ నిలిచింది, నేనింకా సప్పొరోలోనే ఉన్నాను. గంజోరిగ్ తాత టోపీ మాత్రం ఆ రోజు పరుగులో పడిపోయి, ఎవరి పుణ్యమో, బస్‌స్టాపు కంచె మీదకెక్కింది. రోజూ పొద్దున్నే మేమిద్దరం దాని పక్కనే నిలబడతాం, అతని చెవులు ఎర్రగా కందిపోయి ఉంటాయి. తీసుకో అన్నా అంటాను.

"చూడకురా. ముఠా పెట్టిన ఉచ్చు" అంటాడు.

అతను బస్సెక్కాక నేను దాని మీద మంచు దులిపి ఎక్కుతాను.