ఈ ఏడూ దొరకలేదు

నిడదవోలులో ఉండే మంగతాయారు కూతురు హైమకి, సూర్యకుటుంబం చివర ఇంకా ఎవరూ కనిపెట్టని గ్రహంగా పర్మనెంటు ఉద్యోగం వచ్చి నాలుగేళ్లయింది. నోటిఫికేషన్‌లో చూపించింది ఒకటే ఖాళీ. రాత పరీక్ష, మెడికల్, సర్టిఫికెట్ల పరిశీలన మామూలుగానే జరిగాయి. ఇంటర్వ్యూలో ఒకే ప్రశ్న అడిగారు, ఇరవై రెండేళ్లలో నిన్ను గమనించినవాళ్లు ఎంతమందని. ఎవరూ లేరండీ అంది హైమ. గట్టిగా నవ్వకు, కిటికీ దగ్గర నిలబడకు, ఎవరి కంటా పడకు అని తల్లి నేర్పిన పిల్ల. మొదటి ర్యాంకు వచ్చింది.

నెప్ట్యూన్ అవతల చలిలో తిరగడం, దారిలో తగిలిన మంచురాళ్లను కొద్దిగా పక్కకు లాగడం ఆమె విధులు. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగాక మొదటి సెలవు ఇస్తారు. దానికి పదివేల ఏళ్లు పడుతుందని ఆర్డరులోనే ఉంది. మంగతాయారు అది రెండుసార్లు చదివి, రెండు స్వెట్టర్లు, సీసాడు మిరియాల పొడి సర్దింది.

షరతు కూడా ఒకటుంది. ఎవరైనా కనిపెడితే పోస్టు రద్దు, మనిషిని మర్నాడే ఇంటికి పంపేస్తారు. పెద్ద పెద్ద దుర్బిణీలు పెట్టి మగాళ్లు వెతుకుతున్నారని విన్నప్పటి నుంచీ మంగతాయారుకి ముద్ద దిగడం లేదు.

హైమ కంచం ఆవిడ రోజూ వేస్తుంది. పన్నెండున్నరకి అది తనంతట తానే ఈశాన్యానికి ఒక వేలెడు జరుగుతుంది. పిల్ల బతికే ఉందన్నమాట. అయితే అది ఎటు జరుగుతుందో చూసినవాళ్లకి పిల్ల ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఏటా జరిగే విచారణకి గ్రహశోధన అధికారి కూర్మారావు సరిగ్గా పన్నెండుంబావుకి వచ్చాడు. కంచం తీసేస్తే పిల్లకి కీడని మంగతాయారు తియ్యలేదు. అరచెయ్యి వేసి నొక్కి పట్టుకుంది.

"ఇంట్లో సామాన్లేమైనా వాటంతటవి జరుగుతున్నాయామ్మా?"

"లేదు బాబూ. మా ఇంట్లో చీపురు కూడా నేను జరిపితేనే జరుగుద్ది."

"మరి ఆ కంచం పట్టుకున్నారేంటి?"

"ఈగలండీ."

"అందులో ఏమీ లేదు కదమ్మా."

"వస్తాయేమోనని భయమండీ."

పన్నెండున్నరయింది. చేతికింద కంచం లాగింది. ఎప్పటిలా కాదు, చంటిపిల్ల కొంగు పట్టుకుని గుంజినట్టు మూడుసార్లు లాగింది. మంగతాయారు రెండో చెయ్యి కూడా వేసింది. అధికారి 'ఆచూకీ లేదు' అని రాసి, సంతకం పెట్టించుకుని, మజ్జిగ తాగి వెళ్లాడు.

ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఇంకో ఏడాది దిగుల్లేదు. చేతులు తీసి చూస్తే కంచం కదలకుండా ఉంది. తినేసి పనిలోకి వెళ్లుంటుందిలే అనుకుంది.

పక్కింటి రమణకుమారి గోడమీదుగా అడిగింది. "దొరికిందా, తాయారక్కా?"

"లేదమ్మా, దేవుడి దయ."

"పోన్లే. ఇంకో గ్రహానికి నోటిఫికేషన్ పడుద్దంట గదా. మా పిల్ల చేత అప్లికేషన్ పెట్టించనా?"

"ఎవరి కంటన్నా పడిందా?"

"ఎక్కడక్కా! మొన్న వాళ్ల నాన్నే అడిగాడు, మనకి పిల్లలెంతమందే అని."

"అయితే భయపడకమ్మా," అంది మంగతాయారు. "వచ్చేసినట్టే."