ఒక పాపం కావలెను

పాపం చేయడం తేలిక, మానడమే కష్టం అని లోకంలో ఒక తప్పుడు అభిప్రాయం పాతుకుపోయి ఉంది. దాన్ని పెకలించిన ఘనత ప్రథమ దివ్యసత్ప్రసాద అర్హతా పరిశీలన ఉపసంఘానికే దక్కుతుంది. (దాని పైనున్న అసలు సంఘం ఎప్పుడో రద్దయింది. ఉపసంఘానికి ఆ కబురు ఇంకా అందలేదు.)

ఉపసంఘం సూత్రం చిన్నదే. చర్చి పూజలో గురువు, అంటే ఫాదర్ గారు, ఇచ్చే పవిత్ర అప్పాన్ని, అంటే దివ్యసత్ప్రసాదాన్ని, తొలిసారి అందుకోబోయే పిల్లలు ముందుగా పాపసంకీర్తనం చేయాలి. గురువు చెవిన తమ తప్పులు చెప్పుకొని క్షమాపణ పొందాలి. చెప్పుకోవాలంటే తప్పులుండాలి. కనుక బిడ్డకు కనీసం మూడు పాపాలు తప్పనిసరి. ఆటిజం వంటి వైకల్యాలున్న పిల్లల విషయంలో మాత్రం ఉపసంఘం దయతలచి రెండు పాపాల రాయితీ ఇచ్చింది. ఒక్కటి చాలు.

ఆ ఒక్కటి లేకనే దర్జీ అక్క కూతురు బుల్లి ఆగిపోయింది.

దర్జీ అక్క అంటే చర్చి వీధిలో కుట్టు మిషను పెట్టుకున్న ఆమె. ఆ వేడుకకు ఆడపిల్లలందరి తెల్ల గౌన్లూ ఆమే కుడుతుంది. బుల్లిదీ కుట్టింది. కుట్లు ఒంటికి గుచ్చుకుంటే బుల్లి భరించలేదు కాబట్టి అతుకులన్నీ బయటి వైపుకు తిప్పి కుట్టింది. నిరుడు కుట్టిన ఆ గౌనును ఈ ఏడు కింది మడత విప్పి పొడుగు చేసింది. వచ్చే ఏటికి విప్పడానికి మడత మిగల్లేదు. కూతురు ఆ గౌను వేసుకుని అందరితో పాటు వరసలో నడిస్తే చూడాలన్నది తప్ప ఆమెకు వేరే కోరిక లేదు.

చదువులో బుల్లికి లోటేమీ లేదు. చర్చిలో పిల్లలకు మతపాఠాలు చెప్పే ఉపదేశం టీచరమ్మ బొమ్మల అట్టలతో ఓపిగ్గా నేర్పింది. పరీక్షలో, పూజవేళ గురువు పైకెత్తి పట్టుకున్న అప్పం బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే బుల్లి "యేసు" అంది. వివరించమంటే మళ్లీ "యేసు" అంది. వివరణ చాలదని ఉపసంఘం అభిప్రాయపడింది గాని, పండితులు ఇన్ని వందల ఏళ్లు వివరించీ వివరించీ అక్కడికే చేరారని టీచరమ్మ గుర్తుచేయడంతో పాసు చేశారు.

ఇక పాపం. దర్జీ అక్క దీన్ని చిటికెలో పని అనుకుంది. కూతురు బజారులో నేలమీద పడి అరవడం, పూజ మధ్యలో చెవులు మూసుకుని కేకలు పెట్టడం, అన్నను కొరకడం, ఏది కావాలంటే అది తీసుకొమ్మంది. ఉపసంఘం అధ్యక్షుడైన రిటైర్డు రిజిస్ట్రారు ఒక్కోటి విని ఒక్కోటి కొట్టేశాడు. తెలిసి, ఇష్టపడి చేస్తేనే పాపం. ఇవన్నీ చప్పుళ్లకు తట్టుకోలేక చేసినవి. పైగా వైద్యుడి కాగితం ఉంది కాబట్టి అసలే చెల్లవు.

ఆమె తెల్లబోయింది. ఇన్నేళ్లూ ఆ కేకలకే జనం మెడలు తిప్పి చూశారు. పెంపకం సరిగ్గా లేదన్నారు. పిల్లను బయటికి తీసుకుపొమ్మని ఈ రిజిస్ట్రారు గారే సైగ చేశారు. ఇంతమంది చేత మాటలు పడి కూడబెట్టుకున్న తప్పుల్లో ఒక్కటీ పనికిరాదనేసరికి ఆమెకు ఏడుపొచ్చింది.

"మరి అప్పుడు బయటికెందుకు పంపారండీ?" అని అడిగింది.

"అది క్రమశిక్షణమ్మా. ఇది దైవశాస్త్రం. రెండూ వేరే వేరే విభాగాలు," అన్నాడాయన.

కావలసిన పాపాన్ని ఇంట్లోనే తయారుచేసుకోక తప్పలేదు. బిస్కెట్ల డబ్బా మూత తీసి బల్లమీద పెట్టి, ముట్టుకోవద్దని చెప్పి, దర్జీ అక్క తలుపు చాటున నక్కింది. బుల్లి మూత పెట్టి, డబ్బాను అలమరలో దాని చోట సర్దింది. అన్నను శిక్షకుడిగా నియమించారు. పాలు తాగి తాగలేదని చెప్పడం ఎలాగో వాడు చేసి చూపించాడు. పక్కింటి పిల్లాడి రబ్బరు ఎలా కొట్టేయాలో కూడా చూపించాడు. వారం తిరిగేసరికి వాడికి చెప్పుకోవడానికి గంపెడు పాపాలు పోగయ్యాయి. బుల్లి మాత్రం పాలు తాగానని చెప్పి, రబ్బరు పట్టుకెళ్లి పక్కింట్లో ఇచ్చేసింది. (అన్న విషయంలో శిక్షణ ఫలించినందుకు ఉపసంఘం హర్షం ప్రకటించింది.)

టీచరమ్మ నమూనా పాపాల అట్టలు తెచ్చింది. ఏదో ఒకటి చూసి చదివితే గండం గట్టెక్కుతుందని ఆమె ఆశ. "అమ్మ మాట వినలేదు" అని ఉన్న అట్ట చూసి బుల్లి "విన్నాను" అంది. "అబద్ధమాడాను" అన్నది చూపిస్తే "ఆడలేదు" అంది. ఆడానని అంటే అదే అబద్ధం అవుతుంది కదా, దాంతో పనైపోతుందని సభ్యుడైన లెక్కల మాస్టారు సూచించాడు. అప్పుడా పాపం క్షమాపణకు ముందు చేసినట్టా, క్షమాపణ అడుగుతూ చేసినట్టా అన్నది తేలక సమావేశాల మీద సమావేశాలు జరిగాయి. టీలు బాగున్నాయి.

చివరికి వ్యవహారం పీఠాధిపతి, అంటే బిషప్పు గారి కార్యాలయానికి వెళ్లింది. జవాబు త్వరగానే వచ్చింది. పాపాలు లేనివారు తమ పరిధిలోకి రారు. అలాంటివారిని, చనిపోయిన పుణ్యాత్ములను పునీతులుగా ప్రకటించే పునీతుల విభాగం చూసుకుంటుంది. మరణ ధ్రువీకరణ పత్రం జతచేయని దరఖాస్తులను ఆ విభాగం తీసుకోదు. రిజిస్ట్రారు ఇది దర్జీ అక్కకు చదివి వినిపించి, తొందరేమీ లేదు, వీలు చూసుకునే తెమ్మన్నాడు.

ఆ సాయంత్రం ఆమె మిషను ఆపి, నేరుగా చర్చికి వెళ్లి పాపసంకీర్తన గదిలో మోకరించింది. తెర అవతల ఫాదర్ గారు. ఆయన మంచివాడే. దేవునికి భయపడతాడు, ఉపసంఘానికి ఇంకాస్త ఎక్కువ భయపడతాడు.

"ఫాదర్, నా బిడ్డకి పాపం చేయడం నేర్పాలని చూశానండీ. దొంగతనం నేర్పాను. అబద్ధం నేర్పాను. అది నేర్చుకోలేదు."

"ఎందుకు నేర్పావమ్మా?"

"పాపం లేనిదే యేసు దగ్గరికి రానివ్వరంటండీ."

పైకి చెప్పుకునేదాకా తాను చేసిన పనేమిటో ఆమెకే పూర్తిగా తెలియలేదు. తెలిశాక దుఃఖం ఆగలేదు.

"నీ ప్రాయశ్చిత్తం ఇది," అన్నాడు ఫాదర్. "ఆదివారం పిల్లను వరసలో తీసుకురా."

ఆదివారం బుల్లి అతుకులు బయటికున్న గౌనుతో, చెవులకు హెడ్‌ఫోన్లతో వరసలో నడిచింది. గౌను తిరగేసి తొడిగారని ఇద్దరు ముగ్గురు గుసగుసలాడారు. ఫాదర్ "క్రీస్తు శరీరం" అన్నాడు. బుల్లి "అవును" అని నోరు తెరిచింది. ఇన్నాళ్లూ ఎదురుచూసింది ఆ క్షణం కోసమే అయినా, కన్నీళ్లు అడ్డొచ్చి దర్జీ అక్క దాన్ని సరిగ్గా చూడలేకపోయింది.

ఉపసంఘం అత్యవసరంగా సమావేశమై, ఏ అధికారంతో ఇచ్చారని ఫాదర్‌ను నిలదీసింది. పాపసంకీర్తనంలో విన్నది ప్రాణం పోయినా బయటపెట్టకూడదు గనుక కారణం చెప్పలేనన్నాడాయన. (ఆ నియమం ఒక గురువుకు ఇంత హాయినిచ్చిన సందర్భం మరొకటి ఉండదు.) అప్పుడు రిజిస్ట్రారు ముఖం వికసించింది. అనుమతి లేకుండా దివ్యసత్ప్రసాదం స్వీకరించుట పాపమే. తెలిసి చేసింది, ఇష్టపడి చేసింది, వైద్యుడి కాగితం దీనికి వర్తించదు. బుల్లికి పాపం దొరికింది. దర్జీ అక్కకు అభినందనలు పంపారు. ఇక పిల్ల పశ్చాత్తాపపడి ఒప్పుకుంటే, వచ్చే ఏడు తొలిసారి అందుకోవచ్చు.

పశ్చాత్తాపం ఏ మేరకు ఉందో కనుక్కోవడానికి టీచరమ్మను పంపారు. ఆదివారం చేసినదానికి బాధగా ఉందా అని ఆమె అడిగింది. బుల్లి "మళ్లీ ఆదివారం ఎప్పుడు?" అంది.

ఈ జవాబును ఉపసంఘం తీవ్రంగా పరిగణించింది. ఇలాంటి మొండి పాపులను తక్కిన పిల్లలకు దూరంగా, తలుపు పక్కన, చిట్టచివరి బెంచీలో కూర్చోబెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. అమలుకు శ్రమేమీ పడనక్కర్లేకపోయింది. ఇన్నేళ్లుగా ఆ తల్లీకూతుళ్లను కూర్చోబెడుతున్నది అక్కడే.