గేదె ఎదురైతే ఇంజను ఆపవలెను

నాగరికత రోడ్డు వేయడంతో మొదలై, ఆ రోడ్డు దిగిపోవడంతో పరిపూర్ణమవుతుందని హైటెక్ సిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. (తీర్మానం చేయాల్సిన సమావేశం గంట ఆలస్యంగా మొదలైంది. సభ్యులంతా రోడ్డు మీద ఇరుక్కుపోయారు.) తారు మీద బండి నడపడం పార్సిళ్లు అందించేవాళ్లు చేసే పని. చదువుకున్నవాడు మట్టిలో నడపాలి, గుట్ట ఎక్కాలి, బురద చిమ్మాలి, ఆ బురద ఆరకముందే ఫొటో పెట్టాలి.

అయితే చదువుకున్నవాడు ఏ పనీ ఊరికే చేయడు. ముందు ఒక సంస్థ ఉండాలి, సంస్థకు ఒక యాప్ ఉండాలి, యాప్‌కు మరిచిపోవడానికి ఒక పాస్‌వర్డ్ ఉండాలి. అలా పుట్టిందే సైబరాబాద్ రోడ్డేతర సవారీ మర్యాదా మండలి. దాని లక్ష్యాలు భద్రత, మర్యాద. అంటే మనం పడకూడదు, పక్కవాడిని పడేయకూడదు. ఇంత చిన్న సంగతిని వంద పైచిలుకు స్లైడ్లుగా సాగదీయగలగడమే ఆ మండలి సాధించిన ఘనత.

నితీష్ అందులో చేరాడు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. ఉండేది హఫీజ్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. కోరిక ఒక్కటే. బురద కొట్టుకున్న హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఎటో దూరంగా చూస్తూ దిగిన ఫొటో ఒకటి కావాలి. టీములో అందరికీ అలాంటిది ఉంది. మొన్న చేరిన ట్రైనీకి కూడా ఉంది. నితీష్‌కు మాత్రం గోవా బీచిలో కొబ్బరిబొండాం తాగుతున్న ఫొటో తప్ప గతి లేదు. అందులోనూ కళ్లు మూసుకుని ఉన్నాడు.

శిక్షణ పదకొండో అంతస్తు సమావేశ గదిలో జరిగింది. హెల్మెట్, కళ్లద్దాలు, ఛాతీ కవచం, మోకాళ్లకు ప్యాడ్లు, చీలమండలు దాటే బూట్లు, గ్లవ్స్ లేకుండా ఎవరూ గదిలోకి రాకూడదు. (లిఫ్టు దగ్గర ఇద్దరు ఒకరినొకరు గుర్తుపట్టక మళ్లీ పరిచయం చేసుకున్నారు.) గుట్ట ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, దిగేటప్పుడు వెనక్కి ఒరగాలి అన్న పాఠాన్ని చక్రాలున్న ఆఫీసు కుర్చీల మీద నేర్పారు. నాలుగు చక్రాల క్వాడ్ బండి మీద వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదన్నారు. ఒంటరిగా వెళ్లకూడదన్నారు. కొత్తవాళ్లు చిన్న ఇంజనుతో మొదలుపెట్టాలన్నారు. సైలెన్సర్ తీసేయకూడదన్నారు. ఈ చివరి నియమం నుంచి మండలి అధ్యక్షుడు యశ్వంత్ క్వాడ్ బండికి మినహాయింపు ఇచ్చారు. చప్పుడు లేకపోతే అధ్యక్షుడు వస్తున్నట్టు సభ్యులకు ఎలా తెలుస్తుంది?

స్థల యజమాని అనుమతి తీసుకోవాలన్న నియమం కూడా ఉంది. సవారీ చేసే చోటు లింగంపల్లి దాటాక, ఇంకా టవర్లు మొలవని ఒక గుట్ట వెనకాల బంజరు. దాని యజమాని ఎవరో కోర్టు ఇంకా తేల్చలేదు. కాబట్టి అనుమతి నిరాకరించినవారు ఎవరూ లేరని మండలి రాసుకుంది.

వేసవిలో అక్కడ బురద దొరకదు. అందుకని ఆదివారం పొద్దున్నే నీళ్ల ట్యాంకరు తెప్పిస్తారు. అదే నెలలో సభ్యులు ఉండే అపార్ట్‌మెంట్లలో నీళ్లు పూటకు అరగంటే వదిలారు. ఈ రెంటికీ సంబంధం లేదని మండలి ఒక ప్రకటనలో స్పష్టం చేసింది.

చివర్లో పరీక్ష. అందులో ఏడో ప్రశ్న ఇది: దారిలో గేదె ఎదురైతే ఏం చేయాలి? హారన్ కొట్టాలా, పక్క నుంచి దూసుకుపోవాలా, ఫొటో తీసుకోవాలా, లేక ఇంజను ఆపి పక్కకు జరిగి అది దాటేదాకా ఆగాలా? మండలి చరిత్రలో ఈ ప్రశ్నకు తప్పు జవాబు రాసినవాడు లేడు. మండలి వార్షిక నివేదికలో సగం పేజీ ఈ గర్వానికే కేటాయించారు.

నితీష్‌కు ఒక అనుమానం వచ్చింది. ఉద్యోగం అలాంటిది. "యాప్ ప్రకారం ఇంజను ఆగితే సవారీ ముగిసినట్టే కదండి. తొలి సవారీ మధ్యలో ముగిస్తే మళ్లీ మొదటి స్లైడు నుంచి రావాలి. మరి గేదె ఎదురైతే ఇంజను ఎలా ఆపాలి?"

"చాలా మంచి ప్రశ్న అండి," అంది మర్యాద విభాగం ప్రధానాధికారి జయంతి. తరువాతి స్లైడుకు వెళ్లింది. దాని మీద నవ్వుతున్న గేదె బొమ్మ ఉంది.

నితీష్ ఇంటికి పాలు తెచ్చేది నీలమ్మ. తెల్లవారుజామున లింగంపల్లిలో క్యాన్లతో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి, హఫీజ్‌పేట్‌లో దిగి, మూడు వీధులు తిరుగుతుంది. ఒకరోజు తలుపు తీసిన నితీష్ పూర్తి కవచంలో ఉన్నాడు. (తొలి సవారీకి ముందు వారం రోజులు ఇంట్లో తొడుక్కుని అలవాటు పడాలని నియమం.) నీలమ్మ అడుగు వెనక్కి వేసింది.

"నువ్వేనా బాబూ? నేనెవలో అనుకున్న. గా గుట్ట కాడికి బండ్లేసుకొని వచ్చేటోళ్లల్ల నువ్వు గూడ కలిసినవా ఏంది?"

"అవునమ్మా. ఈ ఆదివారమే నా మొదటి సవారీ."

"మంచిగైంది. తెల్సినోడు ఒక్కడన్న దొరికిండు." క్యాను కింద పెట్టింది. "జర మీవోళ్లకు ఒక్క మాట చెప్పు బాబూ. మా బర్రె లచ్చి సూడితోటి ఉన్నది. నెల దినాలల్ల ఈనుతది, గప్పటిదాంక పక్కోళ్ల పాలు కొని పోస్తున్న. పోయినసారి దూడ సచ్చే పుట్టింది. ఈసారి గూడ గట్లనే అయితే ఇగ దాన్ని అమ్ముకునుడే, పాల దందా బంద్. మీ బండ్ల సప్పుడుకు అది బెదురుతున్నది. మీరు గుట్టకు అవతల, రాళ్ల దిక్కు నుంచి పోతే అయిపాయె. గంతే."

"నేను చెప్తానమ్మా. మీరు పరేషాన్ కాకండి."

నితీష్‌కు నిజంగానే జాలి వేసింది. జాలి వేసినప్పుడు అతని వర్గం వాళ్లు ఏం చేస్తారో అదే చేశాడు. యాప్‌లో ఫిర్యాదు టికెట్ వేశాడు.

మధ్యాహ్నానికల్లా జయంతి ఫోన్ చేసింది. "ఎంత మంచి పని చేశారండి! పక్కవాళ్ల నుంచి మాకు విజ్ఞప్తి రావడం ఇదే మొదటిసారి. విభాగమంతా కేక్ కట్ చేశామండి."

"మరి దారి మారుస్తారా?"

"దారి అంటే భద్రతా విభాగం చూడాలండి. మాది మర్యాద."

భద్రతా విభాగం ఆ విషయాన్ని కూలంకషంగా పరిశీలించింది. రాళ్ల వైపు రాళ్లు ఉన్నాయనీ, వాటి వల్ల సభ్యుల టైర్లు పాడయ్యే ప్రమాదం ఉందనీ తేల్చింది. రోడ్డు దిగడం నేర్పడానికే పుట్టిన సంస్థ, రోడ్డు మరీ ఇంతగా దిగిపోవడం మంచిది కాదని అభిప్రాయపడింది. విజ్ఞప్తి తిరిగి మర్యాద విభాగానికి వచ్చింది. మర్యాద విభాగం తన చేతిలో ఉన్న పని చేసింది. గేదెకు ఒక కోటు కుట్టించింది.

మామూలు కోటు కాదు. నారింజ రంగుది, వెలుతురు పడితే మెరిసేది, వీపు మీద మండలి ముద్ర ఉన్నది. దాన్ని బహూకరించడానికి జయంతి, ఒక ఫొటోగ్రాఫరు, నితీష్ కలిసి శనివారం నీలమ్మ కొట్టం దగ్గరకు వెళ్లారు. లచ్చి బరువుగా నిలబడి గడ్డి నములుతోంది.

"ఇది వేస్తే మా రైడర్లకు మీ గేదె దూరం నుంచే కనబడుతుందండి," అంది జయంతి.

నీలమ్మ ఆ కోటును అటూ ఇటూ తిప్పి చూసింది. "గింత పెద్ద బర్రె ఇప్పుడు కనబడ్తలేదామ్మా?"

"కనబడటం వేరు, నిబంధనల ప్రకారం కనబడటం వేరండి."

"బండ్లు అవతల నుంచి పోతే అయిపాయె గదా. ఈ అంగీ ఎందుకు?"

"మీ మాట మాకు ఎంతో విలువైనదండి. జర నవ్వండి." ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. నీలమ్మ నవ్వలేదు. లచ్చి కూడా నవ్వలేదు. కానీ మరునాటి ప్రకటనలో ఇద్దరి కింద 'ఆనందంలో స్థానికులు' అని వేశారు. నీలమ్మ నితీష్ వైపు చూసింది. నితీష్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. అవి చాలా మంచి బూట్లు.

ఆదివారం వచ్చింది. నితీష్ నేర్పినదంతా తుచ తప్పకుండా చేశాడు. టైర్లలో గాలి చూశాడు, గొలుసు చూశాడు, బ్రేకులు నొక్కి చూశాడు, పట్టీలన్నీ బిగించాడు. హెల్మెట్‌లో తన ఊపిరి తనకే వినిపిస్తుంటే గుండె నిండిపోయింది. ట్యాంకరు వచ్చి బురద తయారుచేసి వెళ్లింది. యాప్ 'సవారీ మొదలైంది' అంది. చిన్న గుట్ట ఎక్కేటప్పుడు ముందుకు వంగాడు, దిగేటప్పుడు వెనక్కి ఒరిగాడు. బండి పడలేదు. చాలా ఏళ్ల తరువాత అతనికి సంతోషం వేసింది. ఈ సంతోషంలో మాత్రం ఏ కల్తీ లేదు, పాపం.

మలుపు తిరిగాడు. ఎదురుగా లచ్చి.

దారి అక్కడ సన్నగా ఉంటుంది. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క ఎవరో కేబుల్ కోసం తవ్వి పూడ్చడం మరిచిపోయిన కాలువ. నారింజ కోటు ధగధగలాడుతోంది. నిబంధనల ప్రకారం గేదె చక్కగా కనబడుతోంది. దాని వెనక, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నీలమ్మ.

నితీష్ బండి నిలిపాడు. ఏడో ప్రశ్న గుర్తొచ్చింది. బొటనవేలు ఇంజను ఆపే మీట మీదకు వెళ్లింది. వెనక నుంచి యశ్వంత్ క్వాడ్ బండి గుట్ట మారుమోగేలా అరుస్తూ వచ్చి ఆగింది.

"ఆపకు బ్రో! ఆపితే సవారీ కట్ అయిపోద్ది! మళ్లీ ఫస్ట్ స్లైడు నుంచి రావాల!"

"గేదె ఉంది బ్రో!"

"మర్యాద బటన్ నొక్కు! మనం మర్యాద చేసినట్టు యాప్‌లో లాగ్ అయిపోద్ది!"

నీలమ్మ మోపు కింద పడేసింది. "బంద్ చెయ్యి బాబూ! జర బంద్ చెయ్యి!"

హెల్మెట్‌లోంచి కూడా ఆ మాట స్పష్టంగా వినిపించింది. మీట బొటనవేలి కిందే ఉంది. నితీష్ ఆ చేయి తీసి, గ్లవ్ విప్పి, ఫోన్‌లో మర్యాద బటన్ నొక్కాడు. యాప్ అడిగింది: పశువు మానసిక స్థితి? ప్రశాంతం, ఆందోళన, చెప్పలేం. నితీష్ ఆలోచించాడు. అతను ఆలోచిస్తున్నంతసేపూ రెండు ఇంజన్లూ నడుస్తూనే ఉన్నాయి. లచ్చి కళ్లు తెల్లబడ్డాయి. వెనక్కి తిరగబోయింది. వెనక కాళ్లు జారి, ఆ పెద్ద శరీరం పక్కకు ఒరిగి, కాలువలో పడింది.

నితీష్ 'చెప్పలేం' నొక్కాడు. యాప్ ధన్యవాదాలు తెలిపింది.

అతను దిగుదామనే అనుకున్నాడు. కానీ బృందం నుంచి విడిపోయి ఎవరూ ఒంటరిగా ఉండకూడదన్నది భద్రతా నియమం, బృందమంటే అక్కడ యశ్వంతే, అతనేమో కదిలిపోతున్నాడు. నితీష్ నియమం పాటించాడు. పక్క నుంచి పోతూ చూస్తే నీలమ్మ కాలువలోకి దిగి లచ్చి మెడ పట్టుకుని ఉంది, అతని వైపు చూడనైనా లేదు. సవారీ చివర హెల్మెట్ చంకలో పెట్టుకుని దిగిన ఫొటో బాగా వచ్చింది. ఎటో దూరంగా చూస్తున్నాడు.

సోమవారం పాలు రాలేదు. మంగళవారం ప్యాకెట్ల యాప్ ఒకటి పెట్టుకున్నాడు. ఆ వారాంతంలో కాలింగ్ బెల్ మోగింది. నీలమ్మ. చేతిలో క్యాన్లు లేవు, ఉతికి మడత పెట్టిన నారింజ కోటు ఉంది.

"దూడ దక్కలే బాబూ. లచ్చికి కాలు పోయింది, అమ్మేసిన. ఎవలకు అమ్మిన్నో అడగకు." కోటు చాచింది. "ఇది మీదంట గదా. నాకెందుకు?"

"అమ్మా, నేను... నేను రిపోర్ట్ చేశానమ్మా. ఆ రోజే చేశాను."

"నాకెరుక బాబూ. నేను సూస్తనే ఉన్న గదా, ఫోన్ల ఒత్తుకుంట నిలబడ్డవ్." మెట్ల వైపు తిరిగింది. "అదే ఏలుతోటి బండి బంద్ చేసేది ఉండె."

ఆమె మెట్లు దిగిపోయింది. నితీష్ కోటు పట్టుకుని తలుపు దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయితే సిగ్గుకు టికెట్ వేసే వీలు యాప్‌లో లేదు. మరునాడు కోటు మండలికి అప్పగించాడు. సంస్థ ఆస్తిని శుభ్రమైన స్థితిలో తిరిగి తెచ్చినందుకు జయంతి అతన్ని సభాముఖంగా అభినందించింది. అలాంటి బాధ్యత గలవాడు ఊరికే ఉండకూడదని యశ్వంత్ అతన్ని ప్రశ్నపత్ర సంఘంలో వేశాడు.

సంఘం మొదటి సమావేశంలోనే ఏడో ప్రశ్న చర్చకు వచ్చింది. ఈ మధ్య ఆ దారిలో గేదెలు ఎదురవుతున్నట్టు దాఖలాలు లేవని ఒక సభ్యుడు గుర్తుచేశాడు. నితీష్ పెన్ను మూత తీశాడు. ప్రశ్నను తొలగిస్తున్నట్టు సంతకం పెట్టాడు. దాని స్థానంలో వాస్తవ పరిస్థితులకు దగ్గరగా ఉండే కొత్త ప్రశ్న చేర్చారు: దారిలో నీళ్ల ట్యాంకరు ఎదురైతే ఏం చేయాలి? జవాబు పాతదే. ఇంజను ఆపి, పక్కకు జరిగి, అది దాటేదాకా ఆగాలి.

ట్యాంకరు కోసం ఇంజను ఆపినా సవారీ తెగిపోకుండా యాప్‌ను సరిచేశారు. ఆ మార్పుకు ఒక్క పూట పట్టింది. నితీష్ స్వయంగా పరీక్షించి చూశాడు, బాగానే పనిచేస్తోంది.