అంజినప్ప ఎరువు గుంత

ఆదివారం పొద్దున్నే మదనపల్లెలోని తన పెరట్లో మోకాలిలోతు గుంత తవ్వి, అంజినప్ప నడుం పట్టుకుని కూలబడ్డాడు. తాలూకాఫీసు గుమాస్తాకి గడ్డపార కొత్త. రేడియోలో వ్యవసాయ కార్యక్రమం విన్నప్పటి నుంచి ఆయన కోరిక ఒక్కటే: వంటింటి తొక్కలు, మిగిలిన అన్నం మాగబెట్టి, ఆ ఎరువుతో గోడవారన అప్పుడే నాటిన నాలుగు వంగమొక్కలను పెంచాలని.

ఇద్దరే ఉండే ఇంట్లో తొక్కలెన్ని వస్తాయి? వారమైనా గుంత అడుగు కనబడుతూనే ఉంది. ఇంతలో కుప్పంలో మేనకోడలి పెళ్లి వచ్చింది. బయల్దేరుతూ ఆయన భార్య మునెమ్మ పక్కింటి మసూదాతో, "మేము పెండ్లికి పోతాండామమ్మా. మీ ఇంట్లో తొక్కలుంటే మా గుంతలో వేయండి. గేటు తెరిసే ఉంటాది" అంది.

మసూదా మంచి మనిషి. మరో నలుగురికి చెప్పింది. వీధి చివరికి చేరేసరికి ఆ మాట "అంజినప్ప పెరట్లో మునిసిపాలిటీవాళ్లు చెత్తగుంత పెట్టినారంట" అని మారింది. అది విని చెత్తబండివాడు ఆ వీధికి రావడం మానేశాడు. కల్యాణమండపం వాళ్లు బండెడు ఎంగిలాకులు తెచ్చి పోశారు.

పెళ్లి చూసుకుని, బస్సులో పుంగనూరు దాకా నిలబడే వచ్చి ఇల్లు చేరిన అంజినప్పకు తన గేటు కనబడలేదు. చెత్తకుప్ప మీద రెండు గేదెలు తీరిగ్గా మేస్తున్నాయి. వంగమొక్కలు దాని కింద ఎక్కడో ఉండాలి.

వీధివాళ్లు ఆయన కోసమే కాచుకున్నారు.

"ఏమప్పా, ఈ కంపులో మేము బతికేదెట్ల?" అన్నాడు ఎదురింటి మునస్వామి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"మీరంతా ఈడ యాల పోసినారప్పా?"

"మేమా? మా ఇంట్లో చెత్తే ఉండదు!"

విచారిస్తే అది ఎవరింటిదీ కాదని తేలింది. మసూదా మాత్రం తల వంచుకుని, "మావి రెండు అరటి తొక్కలు ఉండాయన్నా" అంది.

అంజినప్పకు పోట్లాడే ఓపిక లేదు. సెలవు పెట్టి పక్కనున్న అంగళ్లు ఊరికి పోయి, కూరగాయలు పండించే చిన్నస్వామిని బతిమాలాడు. అతను వచ్చి కుప్పను పారతో తిరగేశాడు.

"ఇంకా మాగల్లప్పా. అయినా బంగారమే!" అని ట్రాక్టరుకెత్తి, మొత్తం ఊడ్చుకుపోయాడు. వంగమొక్కలు కూడా అందులోనే పోయాయి.

పంట చేతికొచ్చాక చిన్నస్వామి రెండు గంపల వంకాయలు తెచ్చి దింపాడు. "నీ ఎరువు చలవేనప్పా!" అని వీధంతా వినేట్టు చెప్పి వెళ్లాడు. చాన్నాళ్లకు అంజినప్ప నవ్వాడు. మునెమ్మ పొయ్యి మీద బాణలి పెట్టింది.

గేటు చప్పుడైంది. సంచి పట్టుకుని మునస్వామి.

"మా ఇంటి చెత్త ఏస్తేనే కదప్పా ఇంత కాపు! మా భాగం పెట్టు."

"మీ ఇంట్లో చెత్తే ఉండదంటివే?"

"కంపు కొట్టింది మాది కాదప్పా. ఎరువైంది మాదే."

అతని వెనక వీధి వీధంతా సంచులతో నిలబడింది. కల్యాణమండపం మేనేజరు గంపే తెచ్చుకున్నాడు. అంజినప్ప గంపలు ముందుకు లాగి పంచిపెట్టాడు. మసూదా ఒక్కతే రాలేదు. అడుగున మిగిలిన నాలుగు కాయలు మునెమ్మే కొంగులో వేసుకుపోయి ఆమెకు ఇచ్చి వచ్చింది.

ఆ మధ్యాహ్నం అంజినప్ప పచ్చిమిరపకాయ నంజుకుని సంగటి తిన్నాడు.