మామగారి లెన్సులో బూజు

ఆ ఉదయం కెమెరామన్ అల్లుడు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగాలి, పాత ఫిల్ము కెమెరాకు లెన్సు బిగించాలి, మధ్యాహ్నం షూటింగుకు వెళ్ళాలి. సొంతంగా పనులు వెతుక్కుని బతికే అతనికి ఆ నెలలో దొరికిన పని అదొక్కటే. అదీ అతని మొహం చూసి రాలేదు. శాంపిల్ రీలు చూసిన డైరెక్టరమ్మ, "ఆ పాత లెన్సుతోనే తియ్యాలి, వేరేదైతే వద్దు" అని మరీ చెప్పింది.

ఆ లెన్సు మామగారిది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవు రోజుల్లో సరదాగా చిన్న సినిమాలు తీసిన ఆయన, చూపు మసకబారాక కిందటేడు దాన్ని అల్లుడి చేతిలో పెట్టి, "కంటికి రెప్పలా చూసుకో" అన్నాడు. అల్లుడు పెట్టె తెరిచి లెన్సును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. లోపలి అద్దం మీద సాలెగూడులా తెల్లటి బూజు అల్లుకుపోయి ఉంది.

పక్కగదిలో మామగారు నల్లకళ్ళజోడుతో పడుకుని ఉన్నాడు. మొన్ననే ఒక కంటికి శుక్లం తీయించుకుని, లోపల కొత్త లెన్సు పెట్టించుకున్నాడు; రెండో కంటికి వచ్చే వారం. కళ్ళు మూసుకున్నాడే గానీ చెవులు తెరిచే ఉన్నాయి. బాల్కనీలోంచి అల్లుడి గొంతు గుసగుసగా వినబడింది.

"అన్నా, లెన్సులో బూజు పట్టింది... ఆఁ, మామగారిదే... వేర్లు కూడా పాకాయి... స్క్రూడ్రైవర్ పెట్టి విప్పుతావా? పగిలితే?... సరే, ఇంకో దారి లేదుగా. ఆయనకి మాత్రం తెలీకూడదు, ప్రాణం మీదకొస్తుంది. గంటలో తీసుకొస్తా."

అవతలున్నది కెమెరా లెన్సులు బాగుచేసే మెకానిక్ అని మామగారికేం తెలుసు? ఆయన గోడ పట్టుకుని నడిచి, స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. లోపలి నుంచే కూతుర్ని పిలిచి విన్నది విన్నట్టు చెప్పాడు. కూతురు మేనత్తకు ఫోన్ చేసింది. మేనత్త వీధి చివరి ఆసుపత్రిలో కంటి డాక్టరుకు చేసింది. మాట డాక్టరు చెవిన పడేసరికి మామగారి కంట్లో మొక్క మొలిచింది, అల్లుడు దాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తున్నాడు. డాక్టరు టార్చి పట్టుకుని పరుగున బయల్దేరాడు.

అల్లుడు బాల్కనీ నుంచి లోపలికి రాగానే భార్య దారికి అడ్డం నిలబడింది.

"లెన్సులో బూజు పట్టిన సంగతి నాకెందుకు చెప్పలేదు?"

అల్లుడు ఫోన్ జేబులో వేసుకున్నాడు. "నీకెవరు చెప్పారు? కంగారు పడకు. తుడిస్తే పోతుంది."

"తుడవడానికి అదేమన్నా కిటికీ అద్దమా?"

"పోకపోతే సెకండ్‌హ్యాండ్‌ది ఇంకోటి చూద్దాం. వెతికితే దొరక్కపోదు."

భార్య గోడకు చేరగిలబడింది. "ఎవరిది తెచ్చి పెడతారండీ?"

"ఎవరిదైతేనేం? మసక లేకుంటే చాలు."

స్నానాలగదిలోంచి సన్నటి మూలుగు వినిపించింది. ఆయనకు తెలిసిపోయిందన్నమాట! ఇక దాచి లాభం లేదనుకుని అల్లుడు తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మామయ్యా, తప్పంతా నాదే. పోయిన నెల వానలో తడిపాను. ఆరబెట్టకుండా గుడ్డలో చుట్టి బీరువాలో పడేశాను. నన్ను క్షమించండి."

లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు సందులోంచి నల్లకళ్ళజోడు కనబడింది.

"నన్నెప్పుడు బీరువాలో పెట్టావయ్యా?"

రొప్పుతూ వచ్చిన డాక్టరు, మామగారి కంట్లోకి టార్చి వేసి మొక్క కోసం వెతికాడు. కన్ను అద్దంలా ఉంది. అప్పుడు అల్లుడు పెట్టె తెచ్చి అసలు లెన్సు చూపించాడు. భార్య నవ్వాలో ఏడవాలో తెలియక కుర్చీలో కూలబడింది. అల్లుడికి మాత్రం భయం తీరలేదు. మామగారు కళ్ళజోడు తీసి, లెన్సును కిటికీ వెలుగులోకి ఎత్తి, కొత్త కంటితో అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాడు.

"ఒక్క వానకి ఇంత అడవి పెరగదయ్యా," అన్నాడు చివరికి. "ఇది నా హయాంలోదే. ఆ డైరెక్టరమ్మ మెచ్చిన శాంపిల్ కూడా ఇందులోంచి తీసిందే. తుడిచావంటే పని పోతుంది. ఇలాగే పట్టుకెళ్ళు."

అల్లుడు లెన్సు అందుకుని, మామగారి మనసు మారేలోపు గుమ్మం దాటాడు.

మామగారు నెమ్మదిగా డాక్టరు వైపు తిరిగాడు. "కెమెరాలోంచి చూస్తే పొగమంచు కమ్మినట్టుందని కదూ నేను మీ దగ్గరికొచ్చింది?"

డాక్టరు టార్చి ఆర్పేసి, రెండో కంటి ఆపరేషనుకు అంత తొందరేమీ లేదన్నాడు.